అమ్మ ఫోన్‌తో మొదలైన గ్యాంగ్‌స్టా ర్యాప్: బాస్ ఏకైక ఆల్బమ్

1994 ఫిబ్రవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ మొదటి పేజీలో ఒక ర్యాపర్ మీద పెద్ద కథనం వచ్చింది. షేర్ల ధరలు, కంపెనీల లెక్కలు చూసుకునే పత్రికలో గ్యాంగ్‌స్టా ర్యాప్‌కు మొదటి పేజీ దక్కడమే వింత. కథనం సారాంశం ఇది: ‘బాస్’ పేరుతో తుపాకుల పాటలు, హత్యల పాటలు పాడుతున్న లిషెల్ లాస్ నిజానికి డెట్రాయిట్‌లో మధ్యతరగతి ఇంట్లో పెరిగిన పిల్ల. కేథలిక్ ప్రైవేటు బడిలో చదివింది, పియానో, డాన్స్ నేర్చుకుంది, కొంతకాలం కాలేజీకి కూడా వెళ్లింది. ఇంకేముంది, గుట్టు రట్టయిందన్నారు.

గుట్టు ఎక్కడుందని? 1993 మే 25న విడుదలైన ‘బార్న్ గ్యాంగ్‌స్టాజ్’ సీడీని ప్లేయర్‌లో పెడితే మొట్టమొదట వినిపించేది తుపాకీ మోత కాదు, అమ్మ గొంతు. ‘ఎ కాల్ ఫ్రమ్ మామ్’ అనే ఆ ఇంట్రోలో తల్లి కూతురికి ఫోన్‌లో మెసేజ్ పెడుతుంది. కేథలిక్ బడి, కాలేజీ, డాన్స్ క్లాసులు, పియానో పాఠాలు అన్నీ ఏకరువు పెట్టి, ఇంత చేస్తే చివరికి నువ్వు చేస్తున్నది ఇదా అని నిలదీస్తుంది. ఫీజులు కట్టి చదివించి, సంగీతం మాస్టారిని పెట్టించిన ఏ తెలుగు తల్లి నోటైనా ఇవే మాటలు వస్తాయి. అంటే పత్రిక బయటపెట్టిన విషయాన్ని ఎనిమిది నెలల ముందే ఆల్బమ్ మొదటి ట్రాక్‌లో పెట్టి అమ్మారు. విన్నవాళ్లు దాన్ని వేళాకోళం అనుకుని దాటేశారు. ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకోవాలంటే ఆ దాటేసిన ట్రాక్ దగ్గరే మొదలుపెట్టాలి.

బాస్ అంటే ఇద్దరు: లిషెల్ లాస్, ఆమె స్నేహితురాలు ‘డీ’ అనే ఐరీన్ మూర్. ఇంగ్లిష్‌లో పేరు రాసేటప్పుడు చివరి రెండు ఎస్ అక్షరాల చోట డాలర్ గుర్తులు పెట్టేవారు. పాటల్లో ప్రధానంగా వినిపించేది లాస్ గొంతే కాబట్టి చాలామంది బాస్‌ను సోలో ర్యాపర్‌గానే గుర్తుపెట్టుకున్నారు. ఇద్దరూ డెట్రాయిట్ వదిలి లాస్ ఏంజెలెస్ చేరారు. అక్కడ నిలువ నీడ లేని రోజులు గడిపామని ఇంటర్వ్యూల్లో చెప్పేవారు. లాస్ గొంతు మొదట బయటికి వినిపించింది 1991లో, వెస్ట్ కోస్ట్ ర్యాపర్ ఏఎమ్‌జీ ఆల్బమ్‌లోని ‘మై సిస్టా ఇజ్జా బిచ్’ పాటలో. ఆ తర్వాత ర్యాప్ రికార్డుల కంపెనీ డెఫ్ జామ్ అధిపతి రసెల్ సిమన్స్ వాళ్లను తన వెస్ట్ కోస్ట్ శాఖ ‘డీజే వెస్ట్’ లోకి తీసుకున్నాడు. న్యూయార్క్ కంపెనీకి కాలిఫోర్నియా శబ్దం కావాల్సిన కాలం అది. లాస్ ఏంజెలెస్ ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే ఆల్బమ్ ‘ది క్రానిక్’ 1992 డిసెంబరులో వచ్చి, ర్యాప్ బజారు మొత్తాన్ని పడమటి తీరానికి లాక్కుపోయింది.

బాస్ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల ప్రధాన పట్టిక బిల్‌బోర్డ్ 200లో 22వ స్థానానికి, ఆర్ అండ్ బీ ఆల్బమ్‌ల పట్టికలో 3వ స్థానానికి చేరింది. ‘డీపర్’, ‘రెసిపీ ఆఫ్ ఎ హో’ రెండూ ర్యాప్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచాయి. కొత్తవాళ్లకు, అందులోనూ గ్యాంగ్‌స్టా ర్యాప్ పాడే ఆడవాళ్లకు, ఇది చిన్న విషయం కాదు.

ఇక శబ్దం సంగతి. క్రెడిట్లలో ఉన్న నిర్మాతల (ర్యాప్‌లో నిర్మాత అంటే బాణీ కట్టేవాడు) పేర్లు చూస్తే ఇది ఒక తీరానికి చెందిన రికార్డు కాదని తెలుస్తుంది. న్యూయార్క్ వైపు నుంచి రన్ డీఎమ్‌సీ బృందపు జామ్ మాస్టర్ జే, ఈపీఎమ్‌డీలోని ఎరిక్ సర్మన్, ఎమ్‌సీ సర్చ్, టీ-రే. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి డెఫ్ జెఫ్, ఏఎమ్‌జీ, కోర్ట్‌నీ బ్రాంచ్, ట్రేసీ కెండ్రిక్. అదే సమయంలో డ్రే చేస్తున్న పని దీనికి పూర్తిగా వేరు: ఒక్క నిర్మాత, ఒక్క పద్ధతి, పాత ఫంక్ బాణీలను వాద్యగాళ్లతో మళ్లీ వాయించడం, పైన సన్నటి సింథసైజర్ ఈల. బాస్ ఆల్బమ్‌లో ఆ మెత్తదనం తక్కువ. డ్రమ్ములు ముందుకొచ్చి, బేస్ బరువుగా, లూపులు, అంటే పాత రికార్డుల నుంచి తీసి మళ్లీ మళ్లీ తిప్పే ముక్కలు, మసకగా ఉంటాయి.

ఆ మసక ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఆ కాలపు యంత్రాల లెక్క చూడాలి. 1987లో వచ్చిన ఈమ్యూ కంపెనీ ఎస్పీ-1200 శాంప్లర్, అంటే అలాంటి ముక్కలను (శాంపిళ్లను) పట్టి మీటలతో వాయించే యంత్రం, తూర్పు తీరపు నిర్మాతల పనిముట్టు. దాని మెమరీ మొత్తం కలిపి 10 సెకన్లే, ఒక్కో శాంపిల్ గరిష్ఠంగా 2.5 సెకన్లు. నిమిషానికి 92 బీట్ల వేగంతో నడిచే పాటలో నాలుగు బీట్ల ఒక బార్ 2.6 సెకన్లు ఉంటుంది. అంటే ఒక్క బార్ డ్రమ్ లూప్ కూడా ఒక మీటలో పట్టదు. దీనికి అందరూ వాడిన ఉపాయం ఒకటే: నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీని 45 చుట్ల వేగంతో తిప్పి రికార్డు చేయడం. అప్పుడు 2.6 సెకన్ల లూప్ సుమారు 1.9 సెకన్లకు కుదించుకుపోయి మీటలో సరిపోతుంది. తర్వాత యంత్రంలో దాని వేగాన్ని తగ్గించి మళ్లీ పాత శ్రుతికి తెస్తారు.

ఉపాయం బాగానే ఉంది కానీ ఊరికే రాదు. ఎస్పీ-1200 సెకనుకు 26,040 సార్లు, 12 బిట్ల లెక్కన కొలుస్తుంది. కాబట్టి అందులో సగమైన 13 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం దానికి అందదు. వేగం తగ్గించాక ఆ హద్దు 9.6 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. తాళాల గలగల, హై-హ్యాట్ మెరుపు పోయి, దుమ్ము పట్టిన గరుకు మిగులుతుంది. 1988లో వచ్చిన అకాయ్ ఎమ్‌పీసీ-60 సెకనుకు 40,000 సార్లు కొలుస్తుంది, 13 సెకన్ల మెమరీ ఉంటుంది, కాబట్టి దాని శబ్దం కాస్త శుభ్రం. ఆ కాలపు రికార్డుల్లో కొన్ని పాటలు గదిలో వాయించినట్టు, కొన్ని నేలమాళిగలోంచి వస్తున్నట్టు వినిపించడానికి ఇలాంటి తేడాలు ఒక కారణం.

ఎక్కువమంది నిర్మాతలతో చేసే ఆల్బమ్‌లో చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక్కొక్కరి బేస్ ఒక్కో ఎత్తులో ఉంటుంది, ఒక్కొక్కరి డ్రమ్ము ఒక్కో రంగులో ఉంటుంది. చివరి మెరుగుల దశ అయిన మాస్టరింగ్‌లో లెవల్స్ సమం చేయవచ్చు గానీ రంగులు కలపలేం. అలాంటి రికార్డును నిలబెట్టాల్సింది గొంతు. లాస్ గొంతు ఆ పని చేసింది. లోతుగా, బొంగురుగా, తొందర లేకుండా సాగే గొంతు అది. 92 బీట్ల దగ్గర 16 బార్ల చరణం అంటే సుమారు 42 సెకన్లు. మూడు చరణాలు, ఒక్కోదాని తర్వాత 8 బార్ల హుక్కు (పల్లవి) కలిస్తే మూడు నిమిషాల పైచిలుకు. ఆ 42 సెకన్లలో ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వినిపిస్తే చరణం బలం సగం పోతుంది. అందుకే స్టూడియోల్లో వాక్యాల చివరి మాటలను రెండో ట్రాక్‌లో మళ్లీ పలికించి మీద పేరుస్తారు. రెండు ట్రాకులు వెంట్రుకవాసి తప్పినా మాట ముద్దముద్దగా అయిపోతుంది, మరీ అతికినట్టు సరిపోతే పేర్చిన ఫలితమే కనిపించదు. ‘డీపర్’ను హెడ్‌ఫోన్స్‌లో శ్రద్ధగా విని చూడండి. అరుపు తక్కువ, నిబ్బరం ఎక్కువ. బెదిరింపు గొంతు పెంచడంలో లేదు, పెంచకపోవడంలో ఉంది. ఆ కాలంలో ఆడవాళ్లు గ్యాంగ్‌స్టా పాట పాడితే మగవాళ్ల అరుపును అనుకరించడమే ఎక్కువగా జరిగేది. ఈ గొంతుకు ఆ అవసరం రాలేదు.

ఈ శబ్దాల నడుమ ఫోన్ మెసేజ్ ఎలా పనిచేస్తుందో చూస్తే కూర్పు వెనక తెలివి అర్థమవుతుంది. అప్పటి టెలిఫోన్ లైన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అంటే కింద బేస్ లేదు, పైన మెరుపు లేదు, మధ్యలో గొంతు మాత్రమే. ఆల్బమ్ తొలి క్షణాల్లో చెవికి ఈ సన్నటి శబ్దం అలవాటు చేసి, వెంటనే కింది బేస్‌తో కొడితే మామూలుగా వినిపించే డ్రమ్ము కూడా రెండింతలు పెద్దదిగా తోస్తుంది. అమ్మది ఇరుకు గొంతు, కూతురిది గదంతా నిండే గొంతు. స్కిట్ రాసినవాళ్లు ఇంత లెక్క వేసుకున్నారో లేదో గానీ ఫలితం మాత్రం ఇదే. ఆల్బమ్ చివర ‘ఎ కాల్ ఫ్రమ్ డాడ్’ వస్తుంది. నడుమ ‘1-800-బాడీ బ్యాగ్స్’ అనే పాట ఉంది. 1-800 అంటే అమెరికాలో ఉచిత ఫోన్ నంబర్ల మొదటి అంకెలు. రికార్డంతటా ఫోన్ మోగుతూనే ఉంటుందన్నమాట.

అమ్మానాన్నల ఫోన్లు పుస్తకానికి రెండు అట్టల్లా ఉంటే, హత్యలు, కక్షలు, కదిలే కారులోంచి జరిపే డ్రైవ్-బై కాల్పులు అన్నీ ఆ రెండింటి మధ్యలో జరుగుతాయి. ‘నేను’ అని మాట్లాడుతున్న మనిషి ఎవరు అన్న ప్రశ్నను రికార్డు తనకు తానే వేసుకుందన్నమాట. పుట్టుకతోనే గ్యాంగ్‌స్టర్లం అని అర్థం వచ్చే ఆల్బమ్ పేరును మొదటి ట్రాక్‌లోనే తల్లి కొట్టిపారేస్తుంది. ఇది పొరపాటున మిగిలిపోయిన ఆధారం కాదు, ఏరి కోరి ముందు పెట్టిన జోకు. జోకు అయినంత మాత్రాన పాటలన్నీ నటన అయిపోవు. ఇల్లు వదిలి వచ్చాక లాస్ ఏంజెలెస్‌లో పడిన పాట్లు వేరు, పుట్టి పెరిగిన ఇల్లు వేరు. రెండూ ఒకే మనిషివి కావచ్చు.

లోపాలు లేవని కాదు. ‘ప్రోగ్రెస్ ఆఫ్ ఎలిమినేషన్’, ‘డ్రైవ్ బై’, ‘క్యాచ్ ఎ బ్యాడ్ వన్’, ‘2 టు డా హెడ్’ అన్నీ ఒకే చోటు చుట్టూ తిరుగుతాయి: శత్రువు, తుపాకీ, శవం. గొంతు మారదు, వేగం పెద్దగా మారదు, కాబట్టి వరసగా వింటే చెవి మొద్దుబారుతుంది. ఏఎమ్‌జీతో కలిసి పాడిన పాటది వేరే ధోరణి, బూతు హాస్యం. అది మిగతా ఆల్బమ్ పక్కన పొసగదు. మెసేజ్‌లోని అమ్మ నిజంగా ఎదురుపడితే ఏమవుతుందో ఒక్క పాటలోనైనా రాసి ఉంటే ఈ రికార్డు స్థాయే వేరుగా ఉండేది. ఇంత మంచి మొదలు పెట్టి, దాన్ని నడిమి పాటల్లో అసలు తాకకపోవడమే పెద్ద లోటు.

మరి 1994లో ఇంత రభస ఎందుకయింది? గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో అప్పటికి అన్నిటికన్నా పెద్ద నేరం దొంగతనమో హత్యో కాదు, అబద్ధం. 1990లో ర్యాపర్ వనిల్లా ఐస్ తాను మయామీ వీధుల్లో పెరిగానని చెప్పుకుంటే, డల్లాస్ పత్రిక అతని అసలు నేపథ్యం బయటపెట్టింది. అప్పటి నుంచి ప్రతి ర్యాపర్ జీవితాన్నీ తవ్వడం ఆటయింది. 1993 అక్టోబరులో ర్యాపర్ ఈజీ-ఈ తన పాత మిత్రుడు డాక్టర్ డ్రే మీద దాడికి దిగినప్పుడు వాడిన ఆయుధం కూడా ఇదే: డ్రే ఒకప్పుడు వరల్డ్ క్లాస్ రెకిన్ క్రూ అనే సంగీత బృందంలో మెరుపుల దుస్తులు వేసుకుని తీయించుకున్న పాత ఫోటోలు. పైగా వాల్‌స్ట్రీట్ జర్నల్ కథనం వచ్చిన 1994 ఫిబ్రవరిలోనే వాషింగ్టన్‌లో గ్యాంగ్‌స్టా ర్యాప్ సాహిత్యం మీద కాంగ్రెస్ విచారణలు జరుగుతున్నాయి. ప్రతినిధుల సభలో కార్డిస్ కాలిన్స్, సెనేట్‌లో కరోల్ మోస్లీ బ్రాన్ వాటికి అధ్యక్షత వహించారు. ఈ పాటలు వీధి నిజమా, కంపెనీలు అమ్ముకునే సరుకా అన్నది అప్పుడు దేశమంతా నలుగుతున్న ప్రశ్న. మధ్యతరగతి ఇంటి నుంచి వచ్చిన బాస్ ఆ చర్చకు చక్కగా ఒదిగిపోయే ఉదాహరణ అయింది.

అయితే కొలబద్ద అందరికీ ఒకటి కాదు. గ్యాంగ్‌స్టా ర్యాపర్ ఐస్ క్యూబ్ లాస్ ఏంజెలెస్ శివార్లలోని వుడ్‌ల్యాండ్ హిల్స్‌కు బస్సులో వెళ్లి హైస్కూలు చదివాడు, ఆ తర్వాత అరిజోనాలో ఆర్కిటెక్చరల్ డ్రాఫ్టింగ్ కోర్సు చేశాడు. మరో ర్యాపర్ టూపాక్ బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్‌లో నటన, బ్యాలే నేర్చుకున్నాడు. ఈ సంగతులు వాళ్ల జీవితకథల్లో ‘చదువుకున్నవాడు, కళ తెలిసినవాడు’ అన్న మెచ్చుకోలుగా చేరాయి. లాస్ పియానో పాఠాలు మాత్రం నేరానికి రుజువులయ్యాయి. మగవాడు చదువుకుని వీధి పాట రాస్తే రచయిత, ఆడది రాస్తే మోసగత్తె. ఈ తేడాను ర్యాప్ అభిమానులూ ప్రశ్నించలేదు, ర్యాప్‌ను తిట్టినవాళ్లూ ప్రశ్నించలేదు. 1994లోనే వచ్చిన ర్యాపర్ డా బ్రాట్ మొదటి ఆల్బమ్ ‘ఫంక్‌డఫైడ్’ పది లక్షల కాపీల ప్లాటినం అందుకుంది. సోలో మహిళా ర్యాపర్లలో అదే మొదటిది. అంటే గట్టి గొంతుతో ర్యాప్ చేసే ఆడవాళ్లకు గిరాకీ లేకపోలేదు. బాస్ తెరిచిన తలుపులోంచి వేరేవాళ్లు లోపలికి వెళ్లారు.

రెండో ఆల్బమ్ రాలేదు. దీనికి ఒక్క పత్రిక కథనాన్నే కారణంగా చూపడం తేలిక, కానీ సరిపోదు. ఆ కాలపు ర్యాప్ ఒప్పందాల లెక్క చూస్తే మొదటి ఆల్బమ్ పట్టికల్లోకి ఎక్కినా కళాకారుల చేతికి ఎంత తక్కువ వచ్చేదో తెలుస్తుంది. ఇది బాస్ ఒప్పందం లెక్క కాదు, అప్పటి మామూలు పద్ధతిలో వేసిన ఉదాహరణ మాత్రమే. సీడీ ధర 15 డాలర్లు అనుకుందాం. అందులో ‘ప్యాకేజింగ్’ పేరుతో 25 శాతం ముందే తీసేస్తే 11.25 మిగులుతుంది. కళాకారులకు 12 శాతం అంటే 1.35 డాలర్లు. ఆ 12 శాతంలో 3 శాతం నిర్మాతలకు పోయి 9 శాతమే మిగిలితే కాపీకి దాదాపు 1 డాలరు. ఇద్దరు పంచుకుంటే చెరో అర డాలరు. ఇదైనా వెంటనే రాదు. స్టూడియో ఖర్చు, అడ్వాన్సు, వీడియోల ఖర్చులో సగం కలిపి మూడున్నర లక్షల డాలర్లయితే, దాదాపు 3,46,000 కాపీలు అమ్ముడయ్యేదాకా కళాకారుల ఖాతా అప్పులోనే ఉంటుంది.

పాట రాసిన హక్కుల డబ్బు వేరే దారిలో వస్తుంది. 1993లో అమెరికా చట్టం ప్రకారం ఒక్కో పాటకు కాపీకి 6.25 సెంట్లు. కంపెనీలు ఒప్పందంలో దాన్ని 75 శాతానికి తగ్గించి, పది పాటలకు మించి ఇవ్వమని రాయించుకునేవి. అప్పుడు ఆల్బమ్‌కు మొత్తం 47 సెంట్లు. శాంపిల్ తీసుకున్న పాటల యజమానుల వాటా కూడా ఇందులోంచే పోవాలి. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ కోర్టు తీర్పు వచ్చాక అనుమతి లేని శాంపిల్ వాడటం ప్రమాదమైపోయింది, ఆ వాటా మరింత పెరిగింది. దీంతో మొదటి ఆల్బమ్ నుంచి రెండో ఆల్బమ్‌కు మధ్య కళాకారులను నిలబెట్టేది కచేరీలు, కంపెనీ ఇచ్చే తర్వాతి అడ్వాన్సు. ఆ అడ్వాన్సు పేరు వేడిగా ఉన్నప్పుడే వస్తుంది. 1994లో డెఫ్ జామ్ సోనీని వదిలి పాలీగ్రామ్ పంపిణీలోకి మారింది. అదే వేసవిలో లాంగ్ బీచ్ నుంచి వచ్చిన వారెన్ జీ ఆల్బమ్ కంపెనీకి ఊపిరి పోసింది. కంపెనీకి కావాల్సిన వెస్ట్ కోస్ట్ శబ్దం అప్పటికి మెత్తగా, రాగయుక్తంగా, జీ-ఫంక్‌గా (డ్రే వాడిన ఆ ఫంక్ బాణీల పద్ధతి) మారింది. నేలమాళిగ డ్రమ్ముల మీద సాగే కరకు గొంతుకు అందులో చోటు ఇరుకైంది.

లాస్ తర్వాత ‘మి విదా లోకా’ సినిమా సౌండ్‌ట్రాక్‌లో ఒక పాట చేసింది, ఇతరుల రికార్డుల్లో అక్కడక్కడా కనిపించింది. 2000ల తొలినాళ్లలో డల్లాస్‌లో రేడియోలో పనిచేసింది. మూత్రపిండాల వ్యాధి చాలా ఏళ్లు వేధించింది, 2017లో పక్షవాతం వచ్చింది. 2024 మార్చి 11న, 54 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది.

2008లో ఫ్లోరిడా ర్యాపర్ రిక్ రాస్ గురించి ఇలాంటి సంగతే బయటపడింది. పాటల్లో మత్తుమందుల సామ్రాట్టుగా చెప్పుకునే ఆయన 1990ల నడుమ జైలు ఉద్యోగిగా యూనిఫాం వేసుకుని పనిచేశాడు. ఫోటోతో సహా అచ్చయింది, మొదట ఆయన కాదన్నాడు కూడా. మరుసటి ఏడాది వచ్చిన ఆయన ఆల్బమ్ ‘డీపర్ దాన్ ర్యాప్’ నేరుగా మొదటి స్థానంలో దిగింది. పదిహేనేళ్లలో వినేవాళ్లు మారారు, ర్యాపర్ ‘నేను’ అంటే నవలలోని ‘నేను’ లాంటిదేనన్న సంగతి ఒప్పుకోవడం నేర్చుకున్నారు. ఆ మాట తన రికార్డులోనే చెప్పిన బాస్‌కు ఆ వెసులుబాటు దొరకలేదు, దాచి కాదన్న రాస్‌కు దొరికింది.